గవర్రాజు, చుక్కమ్మల వరస ధ్రువపత్రం

సముద్ర సింహానికి బొచ్చు సీలు ఏమవుతుంది? మా అమ్మాయి ఉద్యోగం ఈ ప్రశ్న మీద నిలబడి ఉందని నాకు మొన్న ఫిబ్రవరిలో తెలిసింది. అంతకు ముందు నేను భయపడే విషయాల్లో ఇది లేదు. ఉప్పెన ఉంది, పిడుగు ఉంది, గ్యాసు బండ ఉంది, అమ్మాయి ఎక్కిన ఆటో బోల్తా పడటం ఉంది. ఇది మాత్రం నాకు తట్టలేదు. తట్టలేదు కాబట్టే వచ్చిపడింది. నేను ముందుగా భయపడి పెట్టుకున్నవేవీ ఇంతవరకూ జరగలేదు మరి.

మా అమ్మాయి పేరు నూకరత్నం. బొండపాలెం రేవులో సాగర జీవ ఉద్యానం అని ఉంది, అందులో ఆరేళ్ళుగా కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. అక్కడొక కొలను, కొలనులో రెండు జీవులు. ఏదో దేశంలో పార్కు మూసేస్తూ వీటిని మనకి కానుకగా పంపించారు. ఒకటి సముద్ర సింహం, ఆడది. ఒళ్ళు తడిసిన టైరులా నున్నగా ఉంటుంది. రెండోది బొచ్చు సీలు, మగది. దుప్పటి కప్పుకుని పుట్టినట్టు ఒళ్ళంతా దట్టంగా బొచ్చు. వాటితోపాటు వచ్చిన పేర్లు ఎవరికీ నోరు తిరక్క, రత్నమే చుక్కమ్మ, గవర్రాజు అని పెట్టింది. మా వీధిలో ఇద్దరు గవర్రాజులున్నారు. ఇద్దరూ ఏమీ అనుకోలేదు.

ఆ రెండూ ఆరేళ్ళుగా ఒకే గట్టు మీద పడుకుంటున్నాయి. ఒకదానికి జ్వరమొస్తే రెండోది మేత ముట్టదు. రత్నం రోజూ బకెట్టుతో చేపలు తీసుకెళ్తుంది, పళ్ళు చూస్తుంది, కళ్ళు తుడుస్తుంది. ఈ ఏడాది ఉద్యోగం పర్మినెంటు చేస్తామని ఫైలు కదిలింది. ఫైలు కదిలిన రోజు నుంచీ నాకు నిద్ర లేదు. కదలకుండా ఉన్నదానికి ఏమీ కాదు, కదిలిందే ఎక్కడో ఒకచోట పడుతుంది.

పడింది. పై ఆఫీసు నుంచి సర్క్యులరు వచ్చింది. ఆ మధ్యాహ్నం రత్నం ఇంటికొచ్చి, అన్నం కంచం ముందు కూర్చుని, ముద్ద కలపకుండా ఆ కాగితం చదివి వినిపించింది.

"ప్రస్తుత సంవత్సరమును కుటుంబ విలువల సంవత్సరముగా ప్రకటించినందున, సదరు విలువలు మానవులకు మాత్రమే పరిమితము కాజాలవు. కావున ఒక ఆవరణమునందు ఒకే కుటుంబమునకు చెందిన జీవులు మాత్రమే నివసింపవలెను. అన్య కుటుంబములకు చెందిన జీవులను ముప్పది దినములలోగా వేరుపరచి నివేదిక పంపవలెను."

"వేరుపరచడమంటే?" అన్నాను.

"మనకి ఇంకో కొలను లేదమ్మా. ఒకదాన్ని లారీ ఎక్కించి కొండల అవతల జూకి పంపేస్తారు. అక్కడ నీళ్ళ తొట్టి ఉందట."

"తొట్టిలో ఈదుతాదా?"

"ఏనుగు తాగే తొట్టమ్మా అది."

"మరి నీ సంగతి?"

"రెండు జీవులుంటేనే మనిషి పోస్టు. ఒక్కటే మిగిలితే పోస్టు రద్దు."

కంచం పక్కకి జరిపి, చెప్పులేసుకుని, అమ్మాయి కంటే ముందే గుమ్మం దిగాను.

ఉద్యానంలో సూపరింటెండెంటు సూర్యభగవాన్ గారు కొలను గట్టు మీద కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. ఒళ్ళో ఫారాలు, చేతిలో దువ్వెన. డైరెక్టరు కామేశం గారు ఆయన వెనకాల నిలబడ్డారు. డైరెక్టరు గారు మంచివారే. ఏ నిర్ణయానికైనా వెనకాల నిలబడతారు, ముందుకి రారు.

"బొచ్చు సీలు, సముద్ర సింహం. పేర్లు వేరు, కాబట్టి కుటుంబాలు వేరు," అన్నారు సూపరింటెండెంటు గారు. "అయినా నిబంధనల మేరకు క్షేత్రస్థాయి పరిశీలన చేయాలి. అమ్మాయ్, ఆ జంతువుని పట్టుకో."

రత్నం గవర్రాజు మెడ మీద చెయ్యి వేసింది. ఆయన దువ్వెన దింపారు. పైన ముతక వెంట్రుకలు, అడుగున మెత్తటి నూగు. దువ్వెన సగం దాకా వెళ్ళి ఇరుక్కుపోయింది. గవర్రాజు హాయిగా కళ్ళు మూసుకున్నాడు. ఆయన దువ్వెన లాగారు. గవర్రాజు కళ్ళు తెరిచాడు. ఆయన దువ్వెన వదిలేశారు.

"ప్రథమ జీవి: బొచ్చు కలదు. దువ్వెన రికవరీ పెండింగు," అని రాసుకున్నారు. తర్వాత చుక్కమ్మ వీపు మీద ఇంకో దువ్వెన పెడితే అది జర్రున జారి నీళ్ళలో పడింది. "ద్వితీయ జీవి: బొచ్చు లేదు. తేలిపోయింది. ఒకే కుటుంబంలో ఒకరికి ఒళ్ళంతా ఉండి ఒకరికి అసలు లేకపోవడం సంభవం కాదు."

డైరెక్టరు గారు అసంకల్పితంగా తన బట్టతల తడుముకున్నారు. ఆయన తమ్ముడికి భుజాల దాకా జుట్టని ఊరంతటికీ తెలుసు.

"బాబూ, అవి ఒకదాన్ని విడిచి ఒకటి తినవు," అన్నాను.

"అమ్మా, అది సెంటిమెంటు. దానికి మా దగ్గర ఫారం లేదు," అన్నారాయన.

రత్నం మాత్రం ఊరుకోలేదు. పోయినేడు ఎవరో డాక్టరమ్మ వచ్చి రెండింటి రక్తం తీసుకెళ్ళిందట, పరిశోధనకి. నస్రీన్ అని, యూనివర్సిటీలో జంతువుల పుట్టుపూర్వోత్తరాలు చదివే మనిషి. రత్నం ఫోను చేసింది. నాలుగో రోజున ఆవిడే రిపోర్టు పట్టుకుని బస్సు దిగింది. రిపోర్టులో కాగితం నిండా ఒక బొమ్మ. కింద ఒక కాండం, పైకి కొమ్మలు, కొమ్మలకి రెమ్మలు, ఒక్కో రెమ్మ చివర ఒక్కో జంతువు పేరు.

"సార్, బొచ్చు ఉన్నవన్నీ ఒక గుంపు, లేనివన్నీ ఇంకో గుంపు అని పూర్వం అనుకునేవారు," అంది నస్రీన్. "రక్తంలో చూస్తే అలా లేదు. ఇదిగో ఈ ఉత్తర సముద్రపు బొచ్చు సీలు అందరికంటే ముందే వేరుపడిపోయింది. మిగతా బొచ్చు సీళ్ళూ, సముద్ర సింహాలూ ఆ తర్వాత చాలా కాలం కలిసే ఉన్నాయి. మన గవర్రాజు దక్షిణ సముద్రం వాడు. చుక్కమ్మా అటుదే. తనలాగే బొచ్చున్న ఆ ఉత్తరాది సీలు కంటే, బొచ్చు లేని చుక్కమ్మే గవర్రాజుకి దగ్గర."

"అంటే ఉమ్మడి కాపురంలోంచి పెద్దోడు ముందే వేరుపడి ఉత్తరానికి పోయాడు, మిగిలినోళ్ళు దక్షిణాదిలో కలిసి ఉన్నారు. అంతేకదా తల్లీ?" అన్నాను.

నస్రీన్ నాకేసి చూసింది. "మా క్లాసులో ఇది చెప్పడానికి రెండు గంటలు పడుతుందమ్మా," అంది.

సూపరింటెండెంటు గారు బొమ్మని అటూ ఇటూ తిప్పి, వెనక స్టాంపు ఉందో లేదో చూసి, "గెజిటెడు సంతకం ఉంది. ఒకే కుటుంబమని అంగీకరించడమైనది," అన్నారు.

నేను చేతులెత్తి దణ్ణం పెట్టాను. రత్నం గవర్రాజు ముక్కు మీద ముద్దు పెట్టుకుంది. సరిగ్గా అప్పుడే ఆయన సర్క్యులరు రెండో పేజీ తిప్పారు. సర్క్యులరుకి రెండో పేజీ ఉంటుందని నేనెందుకు అనుకోలేదో!

"అయితే నిబంధన ఏడు వర్తిస్తుంది. 'ఒకే కుటుంబమునకు చెందిన జీవులలో, సోదర వరస కలిగిన ఆడ మగ జీవులను ఒకే ఆవరణమునందు ఉంచుట కుటుంబ విలువలకు విరుద్ధము.' ఒకటి ఆడ, ఒకటి మగ. వీటి వరస ఏమిటి?"

"వరసేమిటి సార్?" అంది నస్రీన్.

"అన్నాచెల్లెళ్ళ వరసా, బావామరదళ్ళ వరసా? అన్నాచెల్లెళ్ళయితే విడదీయాలి. బావామరదళ్ళయితే ఉండొచ్చు. చుట్టాలు కాకపోతే మూడో నిబంధన కింద విడదీయాలి. వరస తెలియకపోతే తెలిసేవరకూ విడదీయాలి."

రెండు రోజుల తర్వాత కమిటీ కూర్చుంది. వరస నిర్ణయించే అధికారం శాఖలో ఎవరికీ లేదని తేలింది. "స్థానిక ఆచారము నెఱిగిన పెద్దల వాంగ్మూలము" తీసుకోవచ్చని ఎక్కడో ఉందట. రత్నం నా పేరు చెప్పింది. నేను ఏడో తరగతితో ఆగిపోయినదాన్ని. కానీ మా పేటలో ఎవరికెవరు ఏమవుతారో నాకు నోటికొచ్చు. సంబంధం కలుపుకునే ముందు నన్ను అడిగి వెళ్తారు. ఇందులో నా తెలివేమీ లేదు. ఎక్కడ తప్పు వరస కలిసిపోతుందోనని చిన్నప్పటి నుంచీ భయపడి గుర్తుపెట్టుకున్నాను, అంతే.

బల్ల చుట్టూ డైరెక్టరు గారు, సూపరింటెండెంటు గారు, నస్రీన్, నేను. రత్నం గుమ్మం దగ్గర నిలబడింది, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ.

"శాస్త్రవేత్త గారూ, ఈ ఇరువురి మూలపురుషుడు ఎప్పటివాడు?" అన్నారు సూపరింటెండెంటు గారు.

"ఒక మూలపురుషుడంటూ ఉండడు సార్, ఒక మంద. పదుల లక్షల సంవత్సరాల కిందట."

"మంద అని రాయడానికి గడి లేదు. ఎన్ని తరాలు?"

"కొన్ని లక్షల తరాలు ఉండొచ్చు."

"ఫారంలో ఆరు గడులున్నాయి."

"అదనపు కాగితాలు జతచేయవచ్చునేమో," అన్నారు డైరెక్టరు గారు వెనకాల నుంచి. కూర్చున్నా ఆయన వెనకాలే ఉన్నట్టుంటారు.

"చేయవచ్చు సార్. ప్రతి కాగితం మీదా ఇద్దరు సాక్షుల సంతకం కావాలి. ఆ లక్షల తరాల్లో అన్న పిల్లలెవరు, చెల్లెలి పిల్లలెవరు అన్నది శాస్త్రవేత్త గారు ధ్రువీకరించాలి. అన్నదమ్ముల పిల్లలైతే సోదర వరస. అన్నాచెల్లెళ్ళ పిల్లలైతే బావామరదళ్ళ వరస."

"అది ఎవరూ చెప్పలేరు సార్," అంది నస్రీన్.

"చెప్పలేమని ధ్రువీకరించండి."

"చెప్పలేమని రాసిస్తే?"

"విడదీస్తాం."

గుమ్మం దగ్గర రత్నం గోడకి ఆనుకుంది. సూపరింటెండెంటు గారు బొమ్మ మీద వేలు కిందకి జరుపుతూ ఉన్నారు. "ఇంకో ఇబ్బంది. ఈ కుటుంబం కిందకి పోయేకొద్దీ పెరుగుతోంది. ఇక్కడ వాల్రస్ కలిసింది. ఇక్కడ వేరే సీళ్ళు కలిశాయి. ఇదేమిటి, ఎలుగుబంటా?"

"అవును సార్, ఇంకా వెనక్కి వెళ్తే ఎలుగుబంట్లు, కుక్కలు కూడా దూరపు చుట్టాలే."

"అయితే కుటుంబాన్ని ఒకే ఆవరణలో ఉంచాలి కాబట్టి, ఎలుగుబంటిని కొలనులోకి తేవాలా?" డైరెక్టరు గారి గొంతు బొంగురుపోయింది. "గేటు దగ్గర కుక్క రోజూ లోపలికి వస్తానంటోంది. దానికీ హక్కుందా?"

"ఇంకా వెనక్కి వెళ్తే మనమూ ఉన్నాం సార్," అంది నస్రీన్.

డైరెక్టరు గారు కిటికీలోంచి కొలను వైపు చూశారు. నీళ్ళు ఎంత చల్లగా ఉంటాయోనని ఆలోచిస్తున్నట్టున్నారు.

"ఆఖరి వాక్యాన్ని రికార్డు నుంచి తొలగించండి," అన్నారు. "అమ్మా, మీరు చెప్పండి. మీ వాళ్ళలో వరస ఎలా తెలుస్తుంది?"

అబద్ధం చెప్తే కళ్ళు పోతాయేమో, నిజం చెప్తే ఉద్యోగం పోతుంది. అసలు నిజమేమిటో ఆ డాక్టరమ్మకే తెలియదంటోంది. అందుకని నేను కళ్ళతో చూసిందే చెప్పాను.

"బాబూ, తాతముత్తాతలు గుర్తులేనప్పుడు మా పేటలో మనుషులు మసులుకునే తీరు చూస్తారు. ఇద్దరూ ఎదురుపడితే ఏం చేస్తారు? అన్నాచెల్లెళ్ళయితే పని మాట్లాడుకుని వెళ్ళిపోతారు. బావామరదళ్ళయితే ఒకళ్ళనొకళ్ళు ఆటపట్టించకుండా ఉండలేరు. మరదలు బావ చెప్పులు దాచేస్తాది, బావ మరదలి జడ లాగుతాడు. పెద్దోళ్ళు చూసీ చూడనట్టు నవ్వుకుంటారు. ఆ చనువు ఆ వరసకే ఉంటాది. ఈ రెండూ రోజూ ఆటపట్టించుకుంటాయి, నేను చూశాను."

సూపరింటెండెంటు గారి కలం మొదటిసారి ఆగింది. "సరసమాడుట అన్నది పరిశీలనకు లొంగే విషయమే," అన్నారు. "కమిటీ స్వయంగా చూస్తుంది."

మర్నాడు పొద్దున్న తొమ్మిదికల్లా కొలను గట్టు మీద నాలుగు కుర్చీలు వేశారు. ఒంటిగంట దాకా గడువు. ఈలోగా సరసం కనబడితే సరి, లేకపోతే లారీ గేటు దగ్గరే ఉంది. చేపలు వెయ్యకూడదు, అది ప్రలోభం కిందకి వస్తుందట. పిలవకూడదు, అది ఒత్తిడట. రత్నాన్ని తాడు అవతల నిలబెట్టారు.

గవర్రాజు నిద్రపోతున్నాడు. చుక్కమ్మ ఎటో చూస్తోంది. సూపరింటెండెంటు గారు రాసుకుంటున్నారు. నేను వంగి చూశాను. "9.40: నిద్ర. 10.20: నిద్ర. 11.05: నిద్ర, ప్రక్క మార్చెను. సరసము లేదు."

పన్నెండయింది. నేను తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కేశాను, తెలియని వాళ్ళకి కూడా. ఈ వెధవ గవర్రాజుకి రోజూ ఆ టైముకి చుక్కమ్మ చేప లాక్కోవడమే పని. ఇవాళ చేపే లేదు. చేప లేకపోతే సరసమెక్కడిది? మా ఆయన కూడా అంతే, కడుపు నిండితే గానీ నవ్వేవాడు కాదు.

పన్నెండున్నరకి చుక్కమ్మ కదిలింది. గట్టు మీద పాకుతూ వచ్చి, నిద్రపోతున్న గవర్రాజు వెనక కాలి రెక్కని నోటితో పట్టి లాగింది. వాడు కళ్ళు తెరిచేలోపే దబ్బున నీళ్ళలో పడ్డాడు. పడ్డవాడు పైకి తేలి, రెండు రెక్కలతో నీళ్ళు చాచి కొట్టాడు. చుక్కమ్మ పక్కకి తప్పుకుంది. ఆ నీళ్ళన్నీ కమిటీ మీద పడ్డాయి. డైరెక్టరు గారి కళ్ళజోడు, సూపరింటెండెంటు గారి ఫారాలు, నా కొత్త చీర, అన్నీ. చుక్కమ్మ గట్టు మీద నిలబడి అరిచిన అరుపు అచ్చం నవ్వినట్టే ఉంది.

"చూశారా బాబూ! ఏ చెల్లెలైనా నిద్రపోతున్న అన్నని కాలు పట్టి నూతిలోకి లాగుతాదా?" అన్నాను.

"మా చెల్లెలు లాగేది," అన్నారు సూపరింటెండెంటు గారు, ముఖం తుడుచుకుంటూ.

తాడు అవతల రత్నం రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"లాగాక ఏమయ్యేది బాబూ?" అన్నాను.

"మా అమ్మ ఇద్దరినీ చావబాదేది."

"ఇక్కడ ఎవరైనా కొట్టారా? పెద్దోళ్ళు ఏం చేస్తున్నారో చూడండి."

అందరం డైరెక్టరు గారి వైపు చూశాం. ఆయన తడిసి ముద్దై, కళ్ళజోడు చేతిలో పట్టుకుని, కడుపుబ్బ నవ్వుతున్నారు. ఆరేళ్ళలో ఆయన నవ్వడం రత్నం కూడా చూడలేదట. ఆయన ముందుకి రావడం కూడా అదే మొదటిసారి.

"12.32: సరసము గమనించడమైనది. పెద్దలు ఆమోదముతో నవ్వుట గమనించడమైనది. బావామరదళ్ళ వరస ధ్రువీకరించడమైనది," అని రాశారు సూపరింటెండెంటు గారు. తర్వాత తడిసిన కాగితం జాగ్రత్తగా విప్పి, "వరస ధ్రువపత్రం మీద ఇరువైపుల పెద్దలు సంతకం పెట్టాలి," అన్నారు. "మగజీవి తరఫున డైరెక్టరు గారు పెడతారు. ఆడజీవి తరఫున తల్లి గానీ తల్లి వంటివారు గానీ?"

లారీ డ్రైవరు గేటు దగ్గర హారన్ కొట్టాడు. నేను కలం తీసుకుని, 'తల్లి' అన్నచోట మైలపల్లి బంగారమ్మ అని పెట్టేశాను. ఆ హారన్ విన్నాక ఎలుగుబంటికి తల్లినని అయినా పెట్టేదాన్నే.

లారీ ఖాళీగా వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం రెండు జీవులూ రెండు బకెట్ల చేపలు తిన్నాయి. మేమిద్దరం ఒకే కంచంలో తిన్నాం.

తొమ్మిది రోజులకి ఉత్తర్వు వచ్చింది. రత్నం చదువుతూ చదువుతూ ఆగిపోయింది. నేను లాక్కుని, కూడబలుక్కుంటూ చదివాను.

"వరస ధ్రువపత్రము ప్రకారము చుక్కమ్మ తల్లి శ్రీమతి బంగారమ్మ. సదరు బంగారమ్మ కుమార్తె కుమారి నూకరత్నం కావున, చుక్కమ్మకు సోదరి. బంధువుల సంరక్షణలో బంధువు ఉద్యోగము చేయుట నిబంధనలకు విరుద్ధమైనందున సంరక్షకురాలి పోస్టు నుండి తొలగించడమైనది. అయితే ఒకే కుటుంబమునకు చెందిన జీవులను వేరుపరచరాదు కావున, కుమారి నూకరత్నమును సదరు ఆవరణమునందు జీవి సంఖ్య మూడుగా శాశ్వత ప్రాతిపదికన నమోదు చేయడమైనది. బొచ్చు: తలపై మాత్రము. మేత: దినమునకు ఐదు కిలోల కవళ్ళ చేపలు. వైద్యము ఉచితము. బదిలీ, పదవీ విరమణ వర్తించవు."

"అమ్మా, జీతం గురించి లేదే," అంది రత్నం.

నేను ఆ కాగితం పట్టుకుని సూపరింటెండెంటు గారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన తలెత్తకుండానే చెప్పారు. "జీతం అడిగితే ఉద్యోగి అవుతుందమ్మా. ఉద్యోగి అయితే బంధువుల దగ్గర ఉండకూడదు. అప్పుడు తీసేయాలి. ఆలోచించుకోండి."

ఆలోచించుకున్నాను. శాశ్వత ప్రాతిపదికన అన్నమాటని మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. మా పేటలో పర్మినెంటు అయిన మొదటి ఆడపిల్ల మా అమ్మాయే. బదిలీ లేదు, ఆటో ఎక్కి దూరం పోనక్కర్లేదు. జబ్బు చేస్తే డాక్టరే కొలను దగ్గరికి వస్తాడు. ఇంతకంటే భద్రమైన చోటు ఏ తల్లి వెతికి తేగలదు? నస్రీన్‌కి ఫోను చేసి ఇందులో తప్పేమైనా ఉందా అని అడిగితే, ఆవిడ "చుట్టరికం వరకూ అయితే తప్పు లేదమ్మా," అంది.

ఇప్పుడు రత్నం అదే బకెట్టుతో చేపలు తీసుకెళ్తుంది, అవే పళ్ళు చూస్తుంది, అవే కళ్ళు తుడుస్తుంది. ఎవరైనా అధికారి తనిఖీకి వస్తే మాత్రం గట్టు దిగి నీళ్ళలో నిలబడాలి. అక్కడొచ్చింది చిక్కు. రేవులో పుట్టిన పిల్లే గానీ, మునిగిపోతుందేమోనని నేను దాన్ని ఏనాడూ నీళ్ళలోకి దిగనివ్వలేదు. ఇరవై ఏడేళ్ళొచ్చినా ఈత రాదు.

సోమవారం నుంచి నేర్చుకుంటోంది. నేను గట్టు మీద కూర్చుని, చేతులతో కళ్ళు మూసుకుని, వేళ్ళ సందుల్లోంచి చూస్తున్నాను. గవర్రాజు ముందు ఈదుతూ దారి చూపిస్తాడు. చుక్కమ్మ రత్నం పొట్ట కింద వీపు ఆనించి, ఒక్కసారి కూడా మునగనివ్వకుండా, ఈ చివర నుంచి ఆ చివరికి మోసుకెళ్తోంది.